సూది సరే, యాష్ట సంగతేంటి?

పోస్ట్ పెద్దగా వచ్చింది. మెస్ బెల్లు కొట్టేలోపు అవ్వకపోతే సేవ్ చేసుకుని రాత్రి చదవండి. షుగర్ అనగానే "మా తాతకి చెప్తాంలే" అని పైకి జరిపేయకండి, ఇది తాతల షుగర్ కాదు.

మా రూంలో నలుగురం ఉంటాం. నలుగురం కోయ పిల్లలమే. నలుగురి ఇళ్లల్లోనూ డిగ్రీ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకడికి టైప్ 1 షుగర్. పేరు రాయం, ఇక్కడ "మావాడు" అనే రాస్తాం. పెట్టే ముందు వాడికి మొత్తం చదివి వినిపించాం. రెండు చోట్ల తీసేయమన్నాడు, తీసేశాం. మిగిలింది పెట్టుకోండి అన్నాడు.

తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. అన్నమైనా, జొన్న జావైనా మనం తిన్నది ఒంట్లో చక్కెరగా మారి రక్తంలోకి వస్తది. ఆ చక్కెర కండల్లోకి పోయి శక్తి కావాలంటే ఇన్సులిన్ ఉండాలి. టైప్ 1 లో మన సొంత రోగనిరోధక శక్తే పొరపాటుపడి, ఇన్సులిన్ తయారు చేసే కణాలను నాశనం చేస్తది. ఎక్కువగా పిల్లలకి, వయసు పిల్లలకి బయటపడతది. స్వీట్లు తింటే వచ్చేది కాదు. ఇప్పపువ్వు తింటే వచ్చేది అసలే కాదు (మా ఊళ్లో ఒక పెద్దమనిషి ఇప్పటికీ అదే అంటాడు). ఒకరి నుంచి ఒకరికి అంటదు. మాత్రలతో నడవదు, ఇన్సులిన్ ఒక్కటే దారి, అది కూడా బతికున్నన్నాళ్లూ. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించారు. అంతకుముందు ఈ జబ్బొచ్చిన పిల్లలు బతికి బట్టకట్టేవాళ్లు కాదు. మావాడికి కూడా పద్నాలుగేళ్లకే వచ్చింది. ఈ సంగతి చదివి వినిపిస్తే, "వందేళ్లు లేటుగా పుట్టి బతికిపోయాన్రా బావా" అన్నాడు. వాడి జోకులు అట్లనే ఉంటయి.

ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతిలో ఉండగా మొదలైంది. బిందెలకి బిందెలు నీళ్లు తాగేవాడు, రాత్రికి ఆరేడు సార్లు బయటికి లేచేవాడు, రెండు నెలల్లో చొక్కా వేలాడిపోయింది. ఇంటికి తీసుకుపోతే వాళ్లమ్మ వడ్డె దగ్గరికి తీసుకెళ్లింది. దీన్ని చెప్పి నవ్వుకునేవాళ్లు కాలేజీలో చాలామంది ఉన్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నాం: పిల్లాణ్ని చూసి "ఇది నా చేతిలోది కాదు, దవాఖానకి పొండి" అని గట్టిగా చెప్పింది ఆ వడ్డెనే. ఆటో మాట్లాడి పంపించింది కూడా ఆయనే.

అప్పట్నుంచి రోజుకి నాలుగు సూదులు. తినే ముందు ఒకటి చొప్పున మూడు, రాత్రి పడుకునే ముందు ఒకటి. ఏడాదికి 1,460. మేము లెక్కేసి చెబితే వాడికి నచ్చలేదు. "మీరెందుకు లెక్కేశార్రా, నేనే మర్చిపోదామనుకుంటుంటే" అన్నాడు.

ఇంజక్షన్ నొప్పే కష్టం అనుకున్నాం మేము, మొదటి ఏడాదంతా. అది కాదు. హాస్టల్లో అన్నం ఎనిమిదికి అంటారు, ఒక్కోరోజు తొమ్మిదిన్నరకి వస్తది. సూది ఎనిమిదికే వేసుకుంటే అన్నం వచ్చేలోపు చక్కెర పడిపోతది. ఆగితే అందరి ముందు వేసుకోవాలి. బాత్రూంలో వేసుకుంటుంటే ఎవడో చూసి మావాడు మత్తుమందు తీసుకుంటున్నాడని పుకారు లేపాడు. మందేమో చల్లగా ఉండాలి, మా దగ్గర ఫ్రిజ్ ఎక్కడిది? వాడుతున్న సీసా నాలుగు వారాల దాకా బయట ఉంచొచ్చు కానీ మన భద్రాచలం వైపు మే నెల ఎండ సంగతి మీకు చెప్పాలా? మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత పెట్టి, ఆ ముంతలో దాస్తాం. స్ట్రిప్ ఒక్కోటి ఇరవై రూపాయల దాకా పడతది, అది సర్కారు దవాఖానలో మాకు దొరకదు. నెలనెలా మందుకి పోతే షుగర్ క్యూలో అందరూ అరవై ఏళ్లవాళ్లు, మధ్యలో వీడొక్కడు. "ఈ వయసులో నీకేం షుగర్ రా" అని లైన్లో ఒక తాత అడగడం, వీడు నవ్వి ఊరుకోవడం. ఇవి ఒక్కొక్కటీ చిన్నవే. సెలవు లేకపోవడమే పెద్దది. పండగ రోజు కూడా సెలవు లేదు, పరీక్ష రోజు కూడా లేదు.

వాడి దగ్గర ఒక నోట్‌బుక్ ఉండేది, డాక్టరుకి చూపించడానికి. అందులో అన్నీ 130, 140, 125. భలే మెయింటెయిన్ చేస్తున్నాడనుకున్నాం. ఒకరోజు గ్లూకోమీటర్ బటన్ పొరపాటున నొక్కితే పాత రీడింగులు వచ్చాయి. 310, 68, 402, ఆ తర్వాత పదకొండు రోజులు ఏమీ లేవు. అంటే నోట్‌బుక్‌లోవి వాడు కల్పించి రాసినవి. మాకు కోపమొచ్చింది, అబద్ధమెందుకు ఆడావురా అన్నాం. వాడన్న మాట ఇప్పటికీ మా చెవుల్లో ఉంది. "నిజం రాస్తే తిడతారు. అబద్ధం రాస్తే బాగుందంటారు. నెలకొక్కసారైనా బాగుందనిపించుకోవద్దా?"

గత సెమిస్టర్ పరీక్షల ముందు ఒక రాత్రి వాడు వాంతులు చేసుకున్నాడు. కడుపు పట్టుకుని ముడుచుకుపోయాడు, ఊపిరి లోతుగా, బరువుగా తీస్తున్నాడు, నోట్లోంచి మాగిన పండు వాసన. మేము ఏమనుకున్నామో రాయడానికి సిగ్గుగా ఉంది. ఇప్పసారా తాగొచ్చాడనుకున్నాం. వార్డెన్ సార్ కూడా అదే అనుకుని ముందు తిట్టారు. గంటసేపు వృథా అయింది. ఆఖరికి మాలో ఒకడికి మీటర్ గుర్తొచ్చి చూస్తే నంబర్ రాలేదు, 'హై' అని ఇంగ్లీషులో రెండక్షరాలు. 108 కి ఫోన్ చేశాం. ఇన్సులిన్ లేకపోతే ఒళ్లు కొవ్వుని కరిగించుకుంటది, దాంతో రక్తంలో కీటోన్లు పెరిగి ఆమ్లంగా మారుతది, దాన్ని డీకేఏ అంటారని దవాఖానలో చెప్పారు. ఆలస్యమైతే ప్రాణం పోయేదట. మీ హాస్టల్లో షుగర్ ఉన్న పిల్లలెవరైనా ఇలా వాంతులతో, ఆ వాసనతో, బరువైన ఊపిరితో కనిపిస్తే తాగాడని వదిలేయకండి.

రెండు రోజులు సూది వేసుకోలేదని అక్కడ తేలింది. మందు అయిపోయి కాదు, ముంతలో మందుంది. వార్డులో అందరి ముందూ డాక్టర్ గారు "ఎందుకు మానేశావ్? చావాలనుందా?" అని అరిచారు. వాళ్ల మీద ఎంత పని ఉంటదో చూశాం, అందుకే ఎక్కువ అనం. కానీ ఆ ప్రశ్న తిట్టులాగా అడిగారు. నిజంగా అడగలేదు. జవాబు కోసం ఎవరూ ఆగలేదు.

రూంకి వచ్చిన మూడో రోజు రాత్రి మేమే అడిగాం, లైటు ఆర్పేసి, ముఖాలు కనపడకుండా. చావాలని లేదన్నాడు. "యాష్టకొచ్చింది రా. ఒక్క రోజు, ఒక్కటే రోజు, షుగర్ లేనోడిలాగా ఉందామనుకున్నా. రెండోరోజు లేచి మళ్లీ మొదలుపెట్టడానికి చేతులు రాలేదు." అంతే చెప్పాడు. మేము ముగ్గురం ఏం మాట్లాడాలో తెలియక పడుకున్నాం. నిజానికి ఎవరం నిద్రపోలేదు.

మరుసటి రోజు నుంచి ఫోన్లో వెతకడం మొదలుపెట్టాం. యాష్ట అని కొడితే ఏం రాదు కదా. ఇంగ్లీషులో తిప్పితిప్పి వెతికితే దానికొక పేరుందని తెలిసింది: డయాబెటిస్ డిస్ట్రెస్. విలియం పొలాన్స్కీ అనే సైకాలజిస్టు, ఆయనతో పనిచేసినవాళ్లు 1995 లోనే దీన్ని కొలవడానికి 20 ప్రశ్నల పట్టిక తయారు చేశారు. ఇది డిప్రెషన్ ఒకటే కాదట. డిప్రెషన్ బతుకంతా కమ్ముకుంటది, ఇది షుగర్‌తో రోజూ చేసే చాకిరీ వల్ల వచ్చే అలసట. రెండూ కలిసి కూడా రావొచ్చు. పిల్లల షుగర్ డాక్టర్ల అంతర్జాతీయ సంఘం ఇస్పాడ్ అయితే, టైప్ 1 పిల్లలకి షుగరే కాదు, మనసు సంగతి కూడా చికిత్సలో భాగంగా చూడాలని చెప్తోంది. ఆ 20 ప్రశ్నల్ని మేమే తెలుగులోకి, కొన్నింటిని మన భాషలోకి మార్చి వాడిని అడిగాం. ఏడో ప్రశ్నకో ఎనిమిదో ప్రశ్నకో "ఇవన్నీ ఎవరికో ముందే తెలుసా?" అన్నాడు. తనొక్కడికే బుద్ధిలేదని అనుకుంటున్నాడు ఆరేళ్లుగా.

తర్వాత యాప్‌లు. మనసుకి సాయం చేస్తామనే యాప్‌లు ఫోన్ నిండా దొరుకుతాయి. ఒకటి ఇంగ్లీషులో "ఈ రోజు ఎలా ఉన్నారు" అని ఐదు బొమ్మలు చూపించింది, నవ్వుతున్నది, ఏడుస్తున్నది. మావాడు రోజూ మధ్యలోది నొక్కేవాడు. వారం తర్వాత డబ్బులు కట్టమంది. షుగర్ యాప్ ఇంకొకటి వేస్తే తిన్నది ఎంచుకోమంది. పిజ్జా ఉంది, బర్గర్ ఉంది, పాస్తా ఉంది, అంబలి లేదు. అది సరే, నవ్వుకున్నాం. మూడోదాని సంగతి మాత్రం నవ్వే సంగతి కాదు.

అందులో మనిషి ఉండడు, మిషనే మనతో చాట్ చేస్తది. ఒక సాయంత్రం మావాడు చేతులు వణుకుతున్నాయి, గుండె దడగా ఉంది, చెమటలు పడుతున్నాయి, భయంగా ఉందని టైప్ చేశాడు. అది ఆందోళన అనుకుని కళ్లు మూసుకుని నెమ్మదిగా ఊపిరి తీసుకోమంది, నాలుగు అంకెలు లెక్కపెట్టమంది. వాడు మంచం మీద కూర్చుని లెక్కపెడుతున్నాడు. మాలో ఒకడు లోపలికి వచ్చి, చూసి, వేలు పొడిచి పరీక్ష చేస్తే 52. అంటే అది భయం కాదు, చక్కెర పడిపోవడం. 70 కంటే కిందకి వస్తే వెంటనే తీపి పట్టాలి. మూడు చెంచాల చక్కెర నీళ్లల్లో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూశాం. (స్పృహ లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, 108 కి చేయండి.) చక్కెర పడిపోయినప్పుడు, భయం పట్టుకున్నప్పుడు ఒంటికి అయ్యేది దాదాపు ఒకటే. షుగర్ ఉన్న పిల్లాడికి మనసు యాప్ ఇచ్చేటప్పుడు అది మొదట అడగాల్సిన ప్రశ్న "షుగర్ చూసుకున్నావా" అని. మేము వేసిన యాప్‌లో ఆ ప్రశ్న లేదు.

ఇక 14416. కాలేజీ గోడ మీద పోస్టర్ చూసి ఉంటారు. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. 24 గంటలూ ఉంటది, ఫ్రీ, తెలుగుతో కలిపి 20 భాషల్లో. మామూలు ఫోన్ కాల్ కాబట్టి నెట్ బ్యాలెన్స్ అక్కర్లేదు, బటన్ ఫోన్ అయినా చాలు. మనలాంటోళ్లకి ఇది చిన్న విషయం కాదు. కానీ ఎక్కడ నిలబడి మాట్లాడతావ్? రూంలో నలుగురం, పక్క రూంకి గోడ ఉన్నా లేనట్టే. మెస్ దగ్గర గోల. చివరికి డాబా మీద నీళ్ల ట్యాంకు వెనక, సిగ్నల్ రెండు గీతలు వచ్చే చోట మావాణ్ని కూర్చోబెట్టి, మేము ముగ్గురం మెట్ల మీద కాపలా ఉన్నాం. ఎవడొచ్చినా "పైన నీళ్లు రావట్లే, బాగుచేస్తున్నారు" అని పంపించేశాం.

ముప్పావుగంట మాట్లాడాడు. తర్వాత చెప్పాడు, అవతల ఉన్న మేడమ్‌కి టైప్ 1 గురించి పెద్దగా తెలియదట. "నాకు దీని గురించి అంతగా తెలియదు నాన్నా, నువ్వు చెప్పు, నేను వింటా" అన్నదట. ఆ మాటకే వాడికి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో షుగర్ గురించి వాడికి చెప్పినవాళ్లే కానీ వాణ్ని చెప్పమన్నవాళ్లు లేరు. కిందకి దిగి నేరుగా మెస్‌కి పోయి రెండోసారి కూర అడిగి తిన్నాడు. సూది వేసుకునే తిన్నాడు.

అయినా ఒకటుంది. వాడు తెలుగు మాతో సమానంగా మాట్లాడతాడు, మార్కులు కూడా తెలుగులోనే ఎక్కువ. కానీ వాళ్లమ్మతో గొడవపడ్డప్పుడు, కాలికి దెబ్బ తగిలినప్పుడు కోయలోనే వస్తది. తెలుగులో ఏడిస్తే పరీక్ష రాసినట్టుంటదని వాడే అన్నాడు. చదివే మీలో చాలామందికి అర్థమవుతదనుకుంటున్నాం.

ఆ లోటు తీరింది ఒక అక్క వల్ల. వేరే మండలం, నర్సింగ్ చదువుతోంది, తనకీ పన్నెండేళ్ల నుంచి టైప్ 1. మాలో ఒకడి చుట్టాల ద్వారా తెలిసింది. మొదట వాయిస్ మెసేజ్ పంపింది, రెండు నిమిషాలు, మొత్తం కోయలోనే. సలహా ఒక్కటి లేదు అందులో. తను ఇంటర్‌లో మూడు నెలలు నోట్‌బుక్‌లో అబద్ధాలు రాసిన కథ చెప్పింది. అదే 130, 140. మావాడు దాన్ని ఎన్నిసార్లు విన్నాడో లెక్కలేదు.

ఇప్పుడు వాట్సాప్‌లో తొమ్మిది మంది. అందరూ మన పిల్లలే, అందరికీ టైప్ 1. (మేము ముగ్గురం అందులో లేం, ఉండకూడదని అక్క రూలు పెట్టింది, మంచి రూలే.) డోసు ఎంతో ఒకరికొకరు చెప్పుకోకూడదు, అది డాక్టర్ పని. నంబర్ ఎంతొచ్చిందని ఎవరినీ అడగకూడదు, తనంతట తను చెబితే తిట్టకూడదు. టైప్ చేయడం రానివాళ్లు మాట్లాడి పంపొచ్చు. ఎవరైనా ఇక బతకడం వద్దు అన్నట్టు మాట్లాడితే గ్రూపులో ఓదార్చి ఊరుకోకుండా, అప్పుడే ఫోన్ చేసి, దగ్గరున్న పెద్దవాళ్లకి చెప్పి, 14416 కి కలపాలి.

ఇలాంటివి వేరే చోట్ల పద్ధతిగా కూడా జరుగుతున్నాయి. అమెరికాలోని కొలరాడోలో కోయోట్ అనే క్లినిక్‌లో టైప్ 1 ఉన్న వయసు పిల్లలు డాక్టర్‌తో వీడియోలో మాట్లాడటమే కాక, గుంపుగా కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకునేలా పెట్టారు. దానివల్ల ఈ యాష్ట తగ్గిందని రాశారు. మన దేశంలో బ్లూ సర్కిల్ డయాబెటిస్ ఫౌండేషన్ ఉంది, షుగర్ ఉన్నవాళ్లే నడుపుతున్నది. మావాడు వాళ్ల పేజీలు చూస్తుంటాడు. అక్కడ డాక్టరూ, తోటివాళ్లూ ఒక్కచోట దొరుకుతున్నారు. మనకి దవాఖాన ఒక దిక్కు, 14416 ఒక దిక్కు, అక్క గ్రూపు ఒక దిక్కు. ఈ మూడింటి మధ్య తిరిగేది మళ్లీ జబ్బున్న పిల్లాడే.

అంతా బాగుందని రాస్తే అది కూడా 130, 140 రాసినట్టే అవుతది. ఒకసారి ఆ తొమ్మిది మందిలో ఒకరి ఫోన్ ఇంట్లో అన్న చేతికి పోయింది. వాడు చదివి స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల ఊరి గ్రూపులో పెట్టాడు. అక్క పేరు అందులో ఉంది. తనకి అప్పుడే సంబంధం మాట్లాడుతున్నారు, ఆగిపోయింది. అక్క నెల రోజులు గ్రూపులో మాట్లాడలేదు. మగపిల్లాడికి షుగర్ అంటే అయ్యో అంటారు, ఆడపిల్లకి అంటే దాచమంటారు. మేము పేరు రాయకపోవడానికి కారణం అదే. ఫోన్ తాళం వేరే, మెసేజ్‌లు వారానికి వాటంతటవే పోయేలా పెట్టుకున్నారు ఇప్పుడు. అయినా తాళం తీసి చూపించమని ఇంట్లో అడిగితే మన ఇళ్లల్లో కాదనగలమా?

ఇంకోటి సిగ్నల్. వేసవిలో మావాడు ఊరికి పోతాడు, తునికాకు కోతకి. పొద్దున్నే అడవికి పోయి మధ్యాహ్నం దాకా వంగి కోయడం, నడవడం. అంత పని చేస్తే చక్కెర పడిపోయేది ఆ రోజుల్లోనే. వాళ్ల ఊళ్లో టవర్ లేదు. గుట్ట ఎక్కితే ఒక గీత వస్తది, అదీ గాలివాటం. డిజిటల్ సాయం అనే మాట అక్కడికి నడిచి చేరాలి. అందుకే పోయిన వేసవిలో మేము ఒక పెద్ద అట్ట మీద చక్కెర పడిపోతే ఏం చేయాలి, వాంతులైతే ఏం చేయాలి అని బొమ్మలు గీసి వాళ్లమ్మకి ఇచ్చాం, తలుపు వెనక కట్టింది. వాడు రెండు రోజులకొకసారి గుట్టెక్కి అందరి మెసేజ్‌లు విని, తనది ఒకటి పంపి దిగేవాడు. ఇరవై రోజుల్లో సూది ఒక్కసారి మానేశాడు. మానేశానని తనే చెప్పాడు.

మీ ఊళ్లో, మీ హాస్టల్లో, మీ చెల్లెలు చదివే ఆశ్రమ పాఠశాలలో ఇన్సులిన్ వేసుకునే పిల్లలు ఉంటే మాకు ఇన్‌బాక్స్ చేయండి. కామెంట్‌లో పేర్లు రాయొద్దు. అక్కని అడిగే చేరుస్తాం, మాకు చేర్చే హక్కు లేదు.

పదో మనిషి ఈ మధ్యే వచ్చింది, ఎనిమిదో తరగతి పాప. సొంత ఫోన్ లేదు, ఏఎన్ఎం గారి ఫోన్లో ఆదివారం పది నిమిషాలు. మొదటి వాయిస్ మెసేజ్‌లో ఒకటే అడిగిందట. మేడారం జాతరకి పోతే అమ్మవార్ల బంగారం తినొచ్చా తినకూడదా, ఇంట్లో వాళ్లు చేతికివ్వట్లేదు అని. బంగారం అంటే బెల్లం అని మీకు చెప్పనక్కర్లేదు. దానికి జవాబు మావాడు పంపాడు, ఆ ఒక్కటి మాకూ వినిపించాడు, పాపని అడిగి. "ఎంత తినొచ్చో మీ డాక్టర్‌ని అడుగుదాం తల్లీ. కానీ జేబులో మాత్రం ఎప్పుడూ ఒక ముక్క ఉండాలె. నాకు చక్కెర పడిపోయినప్పుడు నేను తినేది అదే. మా రూంలో ముగ్గురి జేబుల్లోనూ ఉంటది, చీమలు పడుతున్నయని తిట్టుకుంటరు గానీ."

చీమలు పడుతున్న మాట నిజమే.